పిలిస్తే పలకడం: దాంపత్యంలో ప్రేమ నిలిచే తీరు

ఈ సంచిక మీ చేతికి అందే నాటికి మీలో చాలామంది ఈ ఏడాదిలోనే పది పన్నెండు వలీమాలకు వెళ్లి వచ్చి ఉంటారు. బిర్యానీలో ఉప్పు సరిపోయిందో లేదో ఇంటికి చేరేలోపే తేల్చేసి ఉంటారు. మెహర్ ఎంత రాశారు, అబ్బాయి ఏ దేశంలో పని చేస్తున్నాడు, అమ్మాయి ఎంతవరకు చదివింది, అన్నీ విచారిస్తాం. నిఖాకు ముందు రెండు వైపులా తెలిసినవాళ్లను పట్టుకుని పదిసార్లు ఆరా తీస్తాం. మూడేళ్లు గడిచాక ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటున్నారన్నది మాత్రం ఎవరమూ అడగం. వాళ్ల సంసారం, మనకెందుకు అనుకుంటాం.

భార్యాభర్తల మధ్య ప్రేమ ఏళ్లు గడిచినా నిలవాలంటే ఏం కావాలి అన్నదే ఈ వ్యాసం విషయం. ఉపాధ్యాయవృత్తిలో మేము ఇరవై తొమ్మిదేళ్లు పూర్తి చేశాం. బి.ఇడి. రోజుల్లో మనస్తత్వశాస్త్రం పేరుతో పావ్లోవ్ కుక్కనూ థార్న్‌డైక్ పిల్లినీ బట్టీ పట్టాం. దంపతుల మాట ఏ అధ్యాయంలోనూ రాలేదు. ఆ లోటు మాకు ఒక పంచాయితీలో తెలిసొచ్చింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత పరిశోధకుల దగ్గరికి వెళ్తాం.

కొన్నేళ్ల కిందట, మా దగ్గర పదో తరగతి చదువుకున్న ఒక అమ్మాయి కాపురం వదిలి పుట్టింటికి వచ్చేసింది. భర్త గల్ఫ్‌లో డ్రైవరు. పెళ్లయి నాలుగేళ్లు, ఒక బాబు. తిరిగి వెళ్లనంటోంది. రెండు కుటుంబాల పెద్దలు కూర్చున్నారు. మగవాళ్లు వరండాలో ఉండి, మమ్మల్ని లోపలి గదిలోకి పంపారు. చదువు చెప్పిన టీచరు మాటయితే వింటుందని వాళ్ల ఆశ.

అడగవలసినవన్నీ అడిగాం. కొడతాడా? లేదు. తాగుతాడా? లేదు. డబ్బు పంపడా? ప్రతి నెలా ఐదో తేదీలోపు పంపుతాడు. అత్తగారు సతాయిస్తోందా? లేదు, బాగానే చూసుకుంటుంది. మరి నీకొచ్చిన కష్టమేమిటమ్మా అన్నాం. ఆ అడగడంలో కొంచెం విసుగు కూడా ఉండే ఉంటుంది.

"నేను చెప్పింది ఆయనకు వినబడదు మేడమ్. రోజూ ఫోన్ చేస్తారు. డబ్బులు అందాయా, అమ్మకు మందులు కొన్నావా, బాబు తిన్నాడా అంటారు. మొన్న పెరట్లో నేను నాటిన జామచెట్టు మొదటిసారి కాసింది. వీడియోలో చూపించాను. సరేలే, కరెంటు బిల్లు కట్టావా అన్నారు. అంతకుముందు బాబు మొదటి అడుగు వేసినప్పుడూ అంతే. ఇప్పుడు చెప్పడం మానేశాను. మానేశానని కూడా ఆయనకు తెలీదు."

జామకాయ కోసం ఎవరైనా కాపురం వదులుకుంటారా అన్నాం. సబ్ర్ చేయమ్మా, దూరాన ఉండి కష్టపడుతున్నాడు అన్నాం. బయటికి వచ్చి పెద్దలతో, పెద్ద సమస్యేమీ లేదు, చిన్నపిల్ల, సర్దుకుంటుంది అని చెప్పాం. ఎనిమిది నెలలకు ఖులా అయింది. జామచెట్టు అత్తగారింట్లోనే ఉండిపోయింది. ఆ రోజు ఆమె చెప్పిన కారణం మేము అడిగిన ప్రశ్నల్లో ఎక్కడా ఇమడలేదు, అందుకే అది మాకు కారణంగా కనబడలేదు. తర్వాత ఈ విషయం మీద చదివిన కొద్దీ అర్థమైంది, ఆ గదిలో సంగతి తెలిసి మాట్లాడింది ఆ అమ్మాయి ఒక్కతేనని.

ప్రేమ తగ్గిపోయింది అని వాపోయేవాళ్లు సాధారణంగా కొత్త రోజులతో పోల్చుకుంటారు. ఆ కొత్త రోజుల స్థితికి అమెరికా మనస్తత్వవేత్త డొరొతీ టెన్నవ్ 1979లో 'లిమరెన్స్' అని పేరు పెట్టారు. తిండి సయించకపోవడం, ఒకే మనిషి తలపులో గంటలు గడిచిపోవడం, ఒక్క మాట కోసం తపించడం దీని గుర్తులు. రెండు మూడేళ్లకు మించి అది అదే తీవ్రతతో సాగడం అరుదు. కనుక అది తగ్గితే రోగమని భయపడనక్కర లేదు. జ్వరం తగ్గినందుకు ఎవరూ ఏడవరు కదా.

అయితే తగ్గాక మిగిలేది అలవాటు ఒక్కటేనా? బియాంకా అసెవెడో, ఆర్థర్ ఏరన్, హెలెన్ ఫిషర్ తదితరులు సగటున 21 ఏళ్లుగా కాపురం చేస్తూ, ఇప్పటికీ జీవిత భాగస్వామి మీద గాఢమైన ప్రేమ ఉందని చెప్పిన 17 మందిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, వాళ్ల భార్య లేదా భర్త ఫోటో చూపించారు. 2011లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, కొత్తగా ప్రేమలో పడినవాళ్లలో చురుకయ్యే మెదడు భాగమే వీళ్లలోనూ చురుకైంది. పదిహేడు మందే, పైగా ఏరి తెచ్చినవాళ్లు. కాబట్టి ఎందరి ఇళ్లలో ఇలా ఉంటుందో దీన్నిబట్టి చెప్పలేం. ఇలా ఉండడం సాధ్యమని మాత్రం చెప్పగలం. మాకు అది చాలు.

ఇక్కడ మన ఇళ్లలో వినబడే పాత వాదన ఒకటి ఉంది. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ప్రేమ మెల్లగా పెరుగుతుంది, ప్రేమపెళ్లిలో మొదట పొంగి తర్వాత చల్లారుతుంది అని. 1982లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ జైపూర్‌లో 50 జంటల మీద చేసిన అధ్యయనం ఇంచుమించు ఇదే చెప్పింది. పెద్దలు దాన్ని చూసి మురిసిపోతారు. కానీ 2012లో అమెరికాలోని 58 మంది భారతీయ సంతతి వారిని అడిగిన మరో అధ్యయనంలో, ప్రేమలోగానీ సంతృప్తిలోగానీ రెండు రకాల పెళ్లిళ్ల మధ్య తేడా కనబడలేదు. రెండూ చిన్నవే. మా అభిప్రాయం అడిగితే, పెళ్లి ఎలా కుదిరిందన్నది తలుపు ఏ వైపు ఉందన్న ప్రశ్న లాంటిది. లోపలికి వెళ్లాక జరిగేది వేరే సంగతి.

ఆ లోపలి సంగతిని ఓపికగా కూర్చుని చూసినవారు జాన్ గాట్‌మన్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఒక చిన్న ఇల్లు లాంటి ప్రయోగశాల ఏర్పాటు చేశారు. కొత్త జంటలు అక్కడికి వచ్చి మామూలుగా వండుకుని, తిని, పత్రిక చదువుకుని, కబుర్లు చెప్పుకుని వెళ్లేవారు. కెమెరాలు చూస్తుండేవి. పెద్ద గొడవలు, పెద్ద ముద్దుమురిపాలు ఏవీ ఉండకపోయేసరికి, చూసేవాళ్లకు మొదట ఇదంతా చప్పగా అనిపించి ఉంటుంది. కానీ ఆ చప్పటి మాటల్లోనే ఆయనకు ఒక సంగతి దొరికింది. భర్త కిటికీలోంచి చూస్తూ, అబ్బ, ఆ పడవ చూడు అంటాడు. అతనికి పడవ ముఖ్యం కాదు. నాతో పాటు ఒక్క క్షణం ఇటు చూడు అని పిలుస్తున్నాడు. భార్య మూడు విధాలుగా పలకవచ్చు. తలెత్తి, ఏదీ అనవచ్చు. విననట్టు ఉండిపోవచ్చు. నీకేం పనీపాటా లేదా అని విసుక్కోవచ్చు.

ఆరేళ్ల తర్వాత ఆ జంటలు ఎలా ఉన్నాయో వాకబు చేశారు. కలిసి ఉన్నవాళ్లు కొత్తలో ఇలాంటి చిన్న పిలుపులకు 86 శాతం పలికారు. విడిపోయినవాళ్లు 33 శాతమే పలికారు. ఈ అంకెలను పదో ఎక్కంలా పట్టుకోమని మేము అనడం లేదు. ఇల్లు, దేశం మారితే అంకె మారుతుంది. గమనించవలసింది, ఆ పిలుపులు ఎంత చిన్నవన్నది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు పలకని భార్యాభర్తలు తక్కువే. ఆసుపత్రికి పరుగెత్తుతారు, గొలుసు తాకట్టు పెడతారు. పడవకూ జామకాయకూ పలకడమే కష్టం. ఎందుకంటే అవి పిలుపుల్లా కనబడవు.

బడిపంతుళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఆరో తరగతిలో వెనక బెంచీ పిల్లాడు చెయ్యెత్తుతాడు. మనం చూడకుండా ముందు బెంచీ వాడిని లేపుతాం. రెండోసారీ అంతే. మూడోసారి ఆ చెయ్యి సగం వరకే లేస్తుంది. నెల గడిచేసరికి ఆ పిల్లాడు చాలా నెమ్మదస్తుడు మేడమ్, అల్లరే చేయడు అని మనమే చెబుతుంటాం. ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. మా ఇంట్లో మాటామాటా అనుకోవడమే ఉండదు అని గర్వంగా చెప్పే ఇళ్లలో కొన్నింటిని చూసి మాకు బెంగ కలుగుతుంది. అది నెమ్మదో, ఎత్తడం మానేసిన చెయ్యో బయటివాళ్లకు తెలియదు. ప్రేమ పోయాక పిలుపులు ఆగుతాయని అనుకుంటాం. చాలాచోట్ల పిలుపులు ముందు ఆగుతాయి, ప్రేమ పోవడం ఆ తర్వాత.

ఈ ప్రయోగశాల గురించి చదివినప్పుడు మాకు మా చిన్ననాటి వీధి గుర్తొచ్చింది. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి మగవాళ్లు కువైట్ వెళ్లడం అప్పటికే మొదలైంది. 1980ల మొదట్లో, మేము బడిలో చదువుకునే రోజుల్లో, మా వీధిలో తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చిన ఆడపిల్లలం ఇద్దరమో ముగ్గురమో. కాబట్టి భర్తలు రాసిన ఉత్తరాలు చదివిపెట్టడం, జవాబులు రాసిపెట్టడం మా వంతు. నీలం, ఎరుపు చారల అంచు కవరు చేతిలో పెట్టుకుని, గుమ్మంలో మా కోసం కాచుకుని ఉండేవారు. కొందరు క్యాసెట్లు కూడా పంపేవాళ్లు. టేప్‌రికార్డరు ఉన్న ఇంట్లో చేరి, ఆడవాళ్లంతా పక్కకు తప్పుకుని, ఆ ఒక్కామెను లోపల కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేసేవాళ్లు. ఆ మర్యాద ఇప్పుడు స్పీకరు ఆన్ చేసి మాట్లాడే రోజుల్లో తలచుకుంటే ముచ్చటేస్తుంది.

పదకొండేళ్ల పిల్లలకు ఉత్తరాల్లో ప్రేమ ఎక్కడుందో ఏం తెలుస్తుంది? కానీ ఒక తేడా మాత్రం తెలిసేది. కొన్ని ఉత్తరాలు ఏ ఉత్తరానికీ జవాబుగా ఉండేవి కావు. క్షేమం, డ్రాఫ్టు పంపాను, అమ్మీ ఆరోగ్యం జాగ్రత్త, అందరికీ సలాములు. ఎవరి ఉత్తరం ఎవరికి ఇచ్చినా సరిపోయేట్టు ఉండేవి. మా పక్కింటి ఖాలాకు వచ్చే ఉత్తరాలు అలా ఉండేవి కావు. ఆమె చెప్పగా మేము రాసినవన్నీ ఆయన ఒక్కొక్కటిగా పట్టుకుని అడిగేవాడు. నల్లమేక ఈనిందా? నీ పంటి నొప్పి ఎడమవైపా, కుడివైపా? ఆ రోజు మీ అక్క అన్న మాటకు నువ్వేమన్నావు? ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేసరికి నెల పైగా పట్టేది. మేక ఈని, పిల్ల గెంతుతుండగా, ఈనిందా అన్న ప్రశ్న వచ్చేది. ఖాలా పడీపడీ నవ్వేది. మళ్లీ చదవమనేది.

1990 వేసవిలో ఆమె రాయించిన ఉత్తరంలో, వంటింటి మూల మిద్దె కారుతోంది, వానలు ముదిరితే ఎలాగో అని ఒక వాక్యం ఉంది. అప్పటికి మేము డిగ్రీ చదువుతున్నా, ఆమెకు రాసిపెట్టడం మానలేదు. ఆ ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. ఉత్తరాలు ఆగిపోయాయి. ఎవరు బతికున్నారో, ఎవరు ఎడారిలో చిక్కుకున్నారో తెలియని రోజులవి. మా ప్రాంతంలో దువా చేయని ఇల్లు లేదు. సుమారు 1,70,000 మంది భారతీయులను ప్రభుత్వం వెనక్కి తెచ్చింది. వారిలో ఎక్కువమంది ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాల్లో బొంబాయిలో దిగారు. ఖాలూ అలాగే వచ్చాడు. సగం బరువు తగ్గి, చేతిలో ఒక్క సంచితో, పదేళ్ల సంపాదన అక్కడే వదిలేసి వచ్చాడు. వీధంతా వాళ్లింట్లోనే ఉంది. నీళ్లు తాగి, బిడ్డల తల నిమిరి, లేచి వంటింట్లోకి వెళ్లి పైకి చూశాడు. "ఈ మూలేనా కారేది?" అన్నాడు.

ఖాలా ఆ క్షణం వరకు ఏడవలేదు.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోన్ ఉంది, ముఖం చూస్తూ మాట్లాడుకోవచ్చు. దూరం తగ్గిందని అంటాం. మా శిష్యురాలి భర్త రోజూ ఫోన్ చేశాడు. ఖాలూ నెలకో ఉత్తరం రాశాడు. మాటల లెక్క తీస్తే ఆ కుర్రవాడిదే ఎక్కువ. అతను చెడ్డవాడనడానికి మాకు నోరు రాదు. పన్నెండు గంటలు బండి నడిపి, ఎనిమిది మంది ఉండే గదిలో మంచం మీద వాలి, నిద్రకు ముందు ఫోన్ చేసేవాడు. డబ్బు, మందులు, బిల్లు అడగడమే అతని ప్రేమ. అది ప్రేమేనని ఆమెకు ఎవరైనా చెప్పి ఉండవలసింది. జామచెట్టు చూపించడం ఆమె ప్రేమని అతనికి ఎవరైనా చెప్పి ఉండవలసింది. చెప్పడానికి పిలిచిన మనుషుల్లో మేమూ ఉన్నాం.

షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు 2004లో తన సహచరులతో కలిసి ప్రచురించిన పనిలో ఇంకో కోణం ఉంది. కష్టంలో తోడుండడం గురించి అందరూ మాట్లాడతారు, మంచివార్త చెప్పినప్పుడు అవతలి మనిషి ఎలా స్పందిస్తారో చూద్దాం అన్నారామె. సంతోషంగా, వివరాలు అడుగుతూ స్పందించే జంటల్లో నమ్మకం, సాన్నిహిత్యం ఎక్కువగా కనిపించాయి. ఆసక్తి లేకుండా సరేలే అనడం, మంచి సంగతిలోనూ లోపం వెతకడం సాన్నిహిత్యాన్ని తగ్గించేవిగా తేలాయి. జీతం పెరిగిందని భార్య చెబితే, టాక్స్ కూడా పెరుగుతుందిలే అనే భర్తలు మా స్టాఫ్ రూమ్ కబుర్లలో కనీసం నలుగురు ఉన్నారు. వాళ్లకు తాము తప్పు చేస్తున్నట్టే తెలియదు, నిజమే చెబుతున్నాం కదా అంటారు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) గారి ఇంటి జీవితం గురించి ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. కానీ బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఉమ్మె జర్అ్ హదీసు వలీమా ప్రసంగాల్లో మేము ఎక్కువగా వినలేదు. పదకొండు మంది స్త్రీలు ఒకచోట కూర్చుని తమ తమ భర్తల గురించి దాపరికం లేకుండా చెప్పుకున్న కథ అది. హజ్రత్ ఆయిషా (రజి) ఆ పదకొండు మంది మాటలూ వరుసగా చెప్పారు. చాలా పొడుగు కథ. అరేబియా అంతటి భారం మోస్తున్న మనిషి దాన్ని కూర్చుని చివరిదాకా విన్నారు. విన్నారని ఎలా తెలుస్తుందంటే, ముగిశాక ఆ కథలోని చివరి భర్త అబూ జర్అ్‌తోనే పోలిక తెచ్చి ఆమెకు ఆప్యాయమైన జవాబు ఇచ్చారు. మధ్యలో ధ్యాస తప్పినవారు ఆ జవాబు ఇవ్వలేరు. హజ్రత్ ఖదీజా (రజి) మరణించి ఏళ్లు గడిచాక కూడా ఇంట్లో మేకను కోస్తే ఆమె స్నేహితురాళ్లకు మాంసం పంపేవారన్నదీ హదీసు గ్రంథాల్లో ఉంది. పిలిచే మనిషి లేకపోయినా పలకడం అంటే అదే కాబోలు.

ఇదంతా చదివి, అయితే గొడవలే ఉండకూడదా అని ఎవరైనా అనుకుంటే, కాదు. దంపతుల తగాదాల్లో 69 శాతం ఎన్నటికీ తెగనివేనని గాట్‌మన్ లెక్క. మా వారికి ఫ్యాను ఐదులో తిరగాలి, మాకు రెండు చాలు. ఇరవై ఏడేళ్లుగా ఆ రెగ్యులేటరు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది, మేము వియ్యపురాలమయ్యాక కూడా తిరుగుతుంది. తగాదా తెగకపోయినా ఫరవాలేదు గానీ, అందులో చిన్నచూపు చేరకూడదు. పెదవి విరవడం, నలుగురిలో భార్య చదువునో భర్త సంపాదననో ఎద్దేవా చేయడం, మీ పుట్టింటి బుద్ధులే అంత అనడం. కాపురాన్ని కూల్చేవాటిలో గాట్‌మన్ మొదట చెప్పేది దీన్నే. మన విందుల్లో భార్య మీద వేసే జోకులకు పెద్దగా నవ్వే ముందు, ఆమె ముఖం ఒకసారి చూడండి.

పాతబడ్డ కాపురంలో విసుగు అన్నది ఇంకో చిక్కు. ఆర్థర్ ఏరన్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం తలచుకుంటే నవ్వొస్తుంది. పెళ్లయిన జంటల మణికట్టులు, చీలమండలు ఒకవైపు పట్టీలతో కలిపి కట్టి, పరుపుల మీద మోకాళ్లతో పాకుతూ, చేతులు వాడకుండా ఒక దిండును అవతలికి చేర్చమన్నారు. కొన్ని నిమిషాల ఆటే. అది ఆడిన జంటలు, మామూలు పని చేసిన జంటల కంటే తమ బంధం బాగుందని చెప్పారు. కలిసి కొత్త పని చేయడంలో ఏదో ఉంది. హజ్రత్ ఆయిషా (రజి)తో దైవప్రవక్త (స) పరుగుపందెం వేసిన సంగతి అబూ దావూద్‌లో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నేళ్లకు ఆయన గెలిచి దానికి ఇది చెల్లు అన్నారు. గల్ఫ్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చే అల్లుళ్లు, కొడుకులు ఆ రెండు నెలలూ బంధువుల ఇళ్ల దావతులకే ధారపోస్తారు. మేము చేయగల సలహా ఒక్కటే, పెద్దలే పూనుకుని వాళ్లను రెండు రోజులు వదిలేయండి. గండికోటకు వెళ్తారో, ఊరి చెరువుగట్టు మీద నడుస్తారో వాళ్లిష్టం. పిల్లలను మనం చూసుకుందాం.

ఒక్క విషయంలో పొరపాటు జరగకూడదు. కొట్టే ఇంట్లో, కట్నం కోసం పీడించే ఇంట్లో ఈ పాఠం పనికిరాదు. నువ్వు సరిగా పలకలేదు కాబట్టే కొట్టాడు అని ఏ ఆడపిల్లకైనా ఈ వ్యాసం చూపించి చెబితే అది మాకు అపచారం, ఆమెకు అన్యాయం. అక్కడ కావలసింది రక్షణ. అందుకు 2005 నాటి గృహహింస చట్టం ఉంది, మన పెద్దలు ఆ దారి మూయకూడదు.

నిఖా ఖుత్బాల్లో, ప్రసంగాల్లో మనం తరచూ వినే రూమ్ సూరాలోని సూక్తిలో దాంపత్యానికి సకూన్, మవద్దత్, రహ్మత్ అనే మూడు మాటలున్నాయి. నెమ్మది, ప్రేమ, కరుణ. మనం పంచాయితీల్లో కూర్చున్నప్పుడు ఈ మూడింటి గురించీ అడగం. తిండి, బట్ట, దెబ్బ వరకే మన ప్రశ్నలు. ఖురాన్‌లో 58వ సూరా పేరు ముజాదలా. భర్త విషయంలో వాదించిన ఒక స్త్రీ కారణంగా వచ్చిన పేరు అది. అల్లాహ్ ఆమె మొర విన్నాడన్న మాటతోనే ఆ సూరా మొదలవుతుంది. ఆమె పేరు ఖౌలా (రజి). ఖలీఫా ఉమర్ (రజి) ఒకసారి దారిలో ఆమె ఆపితే నిలబడి చాలాసేపు విన్నారని చెబుతారు. మేము ఆ సూరాను ఎన్నిసార్లు చదివామో లెక్క లేదు. అయినా ఆ రోజు ఆ గదిలో పది నిమిషాలకే లేచి వరండాలోకి వెళ్లిపోయాం.

ఆ తర్వాత మమ్మల్ని ఇంకో నాలుగైదు సార్లు అలా లోపలి గదుల్లోకి పిలిచారు. ఇప్పుడు పాత ప్రశ్నలతో పాటు రెండు కొత్తవి అడుగుతున్నాం. ఈ వారంలో నువ్వు ఆయనకు చెప్పాలనుకుని చెప్పనిది ఏమిటి? ఆయన నీకు చెప్పబోతే నువ్వు సరేలే అన్నది ఏమిటి? రెండో ప్రశ్న దగ్గర చాలామంది తల వంచుకుంటారు. ఒకచోట అబ్బాయిని కూడా అడగమని పట్టుబట్టాం. మగవాళ్ల మధ్య అడగడం బాగుండదని మొదట కాదన్నారు, చివరికి వాళ్ల మామయ్య ఒకాయన పక్కకు తీసుకెళ్లి అడిగాడు. తిరిగి వచ్చేసరికి గంటన్నర పట్టింది. అన్ని కాపురాలూ నిలబడ్డాయని చెప్పలేం. రెండు నిలబడ్డాయి, ఒకటి లేదు, మిగిలినవి ఇంకా తేలలేదు.

గత రంజాన్‌లో ఒక సాయంత్రం ఇఫ్తార్ తర్వాత ఖాలా ఇంటికి వెళ్లాం. ఆ పాత మిద్దె ఇప్పుడు లేదు, కొడుకులు స్లాబు వేయించారు. ఖాలూకు డెబ్బై ఐదు దాటాయి, చెవులు వినబడవు. మిషన్ పెట్టుకుంటే గుయ్ అంటుందని టీవీ చూసేటప్పుడు తీసి పక్కన పెడతాడు. ఖాలా వంటింట్లోంచి, పాలవాడు ఇవాళ మళ్లీ నీళ్లు కలిపాడని ఏదో గొణుగుతోంది. మాతోనే అనుకుని మేము పలికాం. ఖాలూకు మాట వినబడలేదు, గుమ్మంలో ఆమె పెదవులు కదలడం మాత్రం కనబడింది. రిమోట్ వెతికి టీవీ ఆపాడు. చొక్కా జేబులోంచి మిషన్ తీసి, వణుకుతున్న వేళ్లతో చెవిలో పెట్టుకోవడానికి కొంతసేపు పట్టింది. ఖాలా పాలగిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆఁ, ఇప్పుడు చెప్పు" అన్నాడు.